నీళ్లు తాగిన ఇల్లు

నా ఉద్యోగానికి కాగితం మీద హెల్త్ ఎడ్యుకేటర్ అని పేరు. కొన్నేళ్లకు ఎవరికి తోచిందో, దాన్ని కౌన్సెలర్ అని మార్చారు. పేరు మారింది గానీ చెప్పుల అరుగుదల మారలేదు. బూర్గంపాడు నుంచి అడవి అంచు దాకా ఉన్న ఊళ్లూ తండాలూ నా వంతు. ఇంటింటికీ తిరిగి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉన్నవాళ్లను వెతకాలి. కుష్టు అని తేలితే మందు మింగించాలి, మందు కంటే ముందు ధైర్యం చెప్పాలి. జనం నన్ను "మచ్చల మేడం" అనేవాళ్లు. నా ఎదుట కాదులెండి, వెనకాల.

ఎనభైల నడుమ నాటి మాట ఇది. ఆ పనిలో నేనొక తప్పు చేశాను. మంచితనం కొద్దీ చేశానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట కూడా అనబుద్ధి కాదు. మంచిదాన్ననిపించుకోవాలన్న యావ కొద్దీ చేశాను, అంతే.

శిక్షణలో మాకు పాఠం చెప్పినాయన తల నెరిసిన మనిషి. ఈ రోగం చూస్తూనే ముసలివాడయ్యాడు. "ఇది అంత తేలిగ్గా అంటుకోదని రోగికి గంటసేపు చెప్పు, నమ్మడు. ఆ ఇంట్లో ఒక్క గ్లాసు మంచినీళ్లు తాగి చూడు, అప్పుడు నమ్ముతాడు" అన్నాడు. ఆ మాట నాకు శాసనమైపోయింది.

మొదటిసారి అలా తాగింది నది ఒడ్డు ఊళ్లో ఒక ముసలాయన ఇంట్లో. రెండు చేతుల వేళ్లూ కణుపుల దాకా పోయాయి. "ఏందమ్మా, మా ఇంట్ల తాగుతవా?" అని రెండుసార్లు అడిగాడు. అవ్ తాతా, దప్పికైంది అన్నాను. అరచేతుల మధ్య చెంబు ఇరికించుకుని తెచ్చి ఇచ్చాడు. నేను తాగుతుంటే ఆయన ఏడ్చాడు. నా మీద నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఆ రాత్రి కల్లూరులో ఉన్న మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను. పండక్కి ఇంటికి వెళ్తే అమ్మ నా కోసం ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టింది. అడుగున మేకుతో గీత కూడా గీసింది, మిగతావాటిలో కలవకుండా. నేను పకపకా నవ్వాను. చదువులేని మనుషుల భయం అనుకున్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నాకు కామెర్లు వచ్చి రెండు నెలలు మంచం పట్టాను. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప తాగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి గుడ్డ చుట్టిన అల్యూమినియం సీసా ఒకటి భుజాన వేలాడుతూ ఉండేది. ఏ ఇంట్లోనైనా మంచినీళ్లు ఇవ్వబోతే "వద్దమ్మా, సీసా ఉంది" అనేదాన్ని. రోగి ఉన్న ఇంట్లో మాత్రం సీసా మూత తియ్యను. వాళ్ల చెంబు అందుకునేదాన్ని. డాక్టరు మాట జవదాటి తాగుతున్నాను కదా, అది త్యాగం అని నా లెక్క. ఊరి కళ్లకు అదెలా కనపడుతుందో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆలోచించి ఉంటే నా సొమ్మేం పోయేది?

వరి కోతలయ్యాక ఒక తండాకు సర్వేకి వెళ్లాను. ముప్పై గడప ఉంటుంది. వాళ్లలో వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. అక్కడ ఒక పిల్ల, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చంకలో ఏడాదిన్నర కొడుకు. అత్త చేను దగ్గర ఉంది, మొగుడు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయాడు. ఆ పిల్ల తనంతట తానే రవిక చేయి పైకి మడిచి చూపించింది.

"పొయ్యి కాడ నూనె చిట్లి పడ్డదక్కా. బొబ్బ లేచింది గని మంట తెల్వలే. ఏంది గిది?"

ఎడమ భుజం కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ. కళ్లు మూసుకోమని, పత్తి పోగుతో తాకి, తగిలిన చోట వేలు పెట్టమన్నాను. మచ్చ చుట్టూ సరిగ్గా పెట్టింది. మచ్చ మీద తాకినప్పుడు కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. నేను తాకడం ఆపేసి కూడా చాలాసేపైంది. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

చెప్పాను. ఒకటే మచ్చ, ఇప్పుడే మొదలు, ఆరు నెలలు మందు మింగితే ఆనవాలు లేకుండా పోతుంది అన్నాను. ఆమె సగమే విన్నది. లేచి వెళ్లి తడిక తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"పెద్దరోగమా అక్కా?"

"అవ్. గని పోయే రోగం."

"నా రోగం పోకముందే నన్ను పంపిస్తరక్కా. మా అత్తకు ఒక్కడే కొడుకు, వీడొక్కడే మనుమడు. నన్ను మా తల్లిగారింటికి తోలి పిలగాన్ని ఉంచుకుంటరు. పాలు తాగే పిలగాడు. నా మొగనికి గూడ చెప్పకు. నీ కడుపుల పెట్టుకో."

పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. వేశాను. ఒట్టు వేయకపోయినా అది నా పని ధర్మమే. రోగి చెప్పింది రోగి దగ్గరే ఉండాలని పాఠంలో మొట్టమొదటి మాట. నోట్లో నువ్వుగింజ నానని మనుషులున్న ఊళ్లలో తిరిగే నేను ఆ ఒక్క విషయంలో నిప్పులాంటిదాన్ని. మా ఆఫీసు జీపు మీద రోగం పేరు రాసి ఉండేది, అందుకని జీపును మైలు దూరంలో రోడ్డు మీదే ఆపించి నడిచి వెళ్లేదాన్ని. ఆ ఒక్క ఇంటికే వెళ్తే అనుమానం వస్తుందని, ఆ వరసలో పది ఇళ్లూ తిరిగేదాన్ని. పిల్లల కళ్లు చూసి, నాలుక చూసి, గజ్జి ఉంటే మందు రాసి, అలా ఆ ఇంటికి చేరేదాన్ని. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

నెలకోసారి ఒక పెద్ద మోతాదు నా ఎదుట మింగాలి. మిగతా రోజులకు చిన్న బిళ్లలు, అవి వాళ్లే మింగుతారు. మొదటి నెల అత్త ఇంట్లోనే ఉంది. బిళ్లలు చూసి ఏంటని అడిగింది. "రక్తం తక్కువుంది పెద్దమ్మా, పాలిచ్చే పిల్ల గదా, బలానికి" అన్నాను. అబద్ధం నోటికి ఇంత తేలిగ్గా వస్తుందని నాకు అంతకుముందు తెలియదు. ఆ పిల్ల తల వంచుకుని మింగింది. మరునాడు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు, అది మందు రంగే అని గుసగుసగా చెప్పాను. లేచి వెళ్లబోతూ, అలవాటు ప్రకారం, "పెద్దమ్మా, కొంచెం మంచినీళ్లు ఇస్తవా?" అన్నాను.

అత్త ముఖం వెలిగిపోయింది. కంచు చెంబు చింతపండు పెట్టి తోమి, కడిగి, నింపి తెచ్చింది. అప్పటికి ఆ వరసలో నాలుగిళ్ల వాళ్లు నీళ్లు ఇవ్వబోతే సీసా చూపించి వద్దన్నాను. ఐదో ఇల్లు అదే. నేను తాగుతుంటే అత్త వాకిట్లోకి వెళ్లి పక్కింటావిడతో తమ భాషలో గట్టిగా ఏదో చెప్పింది. గొప్పగా చెబుతోందని గొంతే చెప్పింది. నేను కూడా నవ్వాను.

రెండో నెల, మూడో నెల, నాలుగో నెల. నేను వరసలోకి వచ్చేసరికే చెంబు తోమి ఉండేది. ఆ పిల్ల ఒళ్లు తేలికపడింది, ముఖంలో కళ వచ్చింది. మచ్చ అంచుల్లో పత్తి పోగు తగలడం తెలుస్తోంది. "ఇంక రెండేనా అక్కా?" అని నాలుగో నెలలో వేళ్లు చూపించి నవ్వింది. పిల్లవాడు నా సీసా మూత పీకడానికి చూస్తుంటే "అరెయ్, అక్క నీళ్లురా, ముట్టుకోకు" అని వాడిని మురిపెంగా గదిమింది. రెండంటే రెండే నెలలు మిగిలాయి.

ఐదో నెల ఎండలు ముదిరాయి. వరసలో మొదటి ఇంటికి వెళ్తే తలుపు వేసుంది. లోపల మనుషుల మాటలు వినబడుతున్నాయి. రెండో ఇల్లూ అంతే. మూడో ఇంటి ముందు ఒక ఆడమనిషి నన్ను చూసి బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. ఐదో ఇంటి ముందు అత్త నిలబడి ఉంది. పిల్లవాడు ఆమె చంకలో ఉన్నాడు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. వాడిని చూడగానే నాకు అర్థమైంది. ఆ పిల్లను తల్లిగారింటికి పంపేశారు.

"వచ్చినవా మేడం? రా. దప్పికైతలేదా ఇయ్యాల?"

నేను సీసాను కొంగు కిందికి జరుపుకున్నాను.

"మా ఇంట్లనే నీళ్లు తాగుతది మేడం, ఎవరింట్ల తాగదు, మా ఇల్లు గంత శుభ్రం అని తండా మొత్తం చెప్పుకున్న. సంతల గూడ చెప్పిన. గాడ నది ఒడ్డు ఊరామె ఉంది మిరపకాయలమ్ముతా. నవ్వింది. మా ఊర్ల గూడ మేడం ఒక్కింట్లనే తాగుతదమ్మా అన్నది. గా ఇంట్ల ఎవరున్నరే అంటే, వేళ్లు లేని ముసలోడున్నడు అన్నది. పక్కూర్ల ఎవరింట్ల తాగుతది అంటే, గాడ గూడ గసోంటి మనిషే." పిల్లవాణ్ణి ఇంకో చంకలోకి మార్చుకుంది. "సంత మధ్యల నా నోటితోని నేనే చెప్పుకున్న మేడం. నా కోడలికి పెద్దరోగమని నేనే చాటిచ్చిన."

నేను ఒట్టు తప్పలేదు. ఒక్క మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. జీపు దూరంగా ఆపాను, పది ఇళ్లు తిరిగాను, తలుపు దగ్గరికి వేసి మాట్లాడాను. ఇన్ని చేసి, నీళ్లు తాగి ఊరూరా గుర్తు పెట్టి వచ్చాను. మా అమ్మ గ్లాసు అడుగున గీత గీస్తే నవ్వాను గదా. నేను ఇళ్ల మీద గీశాను.

"పెద్దమ్మా, అది పోయే రోగం. నాలుగు నెలల మందుకే సగం పైగా పోయింది. పిల్లవాడికేం కాదు" అని మొదలుపెట్టాను.

"బలానికి బిళ్లలంటివి. నా ఇంట్ల కూసుండి, నా చెంబుల తాగి, నాకే అబద్ధం చెప్తివి. ఇప్పుడు పిలగానికేం కాదంటే నేనెట్ల నమ్మాలె? నువ్వే చెప్పు, నా జాగల నువ్వుంటే నమ్ముతవా?"

ఆమెను రాక్షసి అనుకుంటే నాకు ఎంత తేలికయ్యేదో. కానీ ఆమె అడిగింది న్యాయమే. కోడలి రహస్యం కాపాడడం నా ధర్మం, సరే. అత్తకు అబద్ధం చెప్పమని ఏ పాఠంలోనూ లేదు. చెప్పను పెద్దమ్మా, నీ కోడలినే అడుగు అని ఉండొచ్చు. అప్పుడు ఏమయ్యేదో నాకు తెలియదు. ఇప్పుడు చెప్పబోయిన నిజం మాత్రం ఆ అబద్ధం వల్లే చెల్లకుండా పోయింది. మనుమడికి ఏమవుతుందోనని ఆ ముసలామె నిజంగానే భయపడుతోంది.

ఆ పిల్ల మొగుడి కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగే దాకా నిలబడ్డాను. మెత్తని మనిషి. చేతులు కట్టుకుని విన్నాడు. "నేను నమ్ముత మేడం. మంచిగైతదని నమ్ముత. గని తండల ఎవరూ మా నీళ్లు ముడుతలేరు. మా అమ్మ అన్నం తింటలేదు. నేనొక్కణ్ణి నమ్మి ఏం జేయాలె?" అన్నాడు. పిల్లవాణ్నైనా తల్లి దగ్గరికి పంపమని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. సైకిలెక్కి వెళ్తూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు ఆ పిల్లకు ఎందుకు పనికొస్తాయి?

ఆఫీసులో నా పై ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా 'ఊరు వదిలింది' అని రాశాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారమ్మా. నువ్వు చేసింది మంచిపనే, జనం అట్లా ఉంటే నువ్వేం చేస్తావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. జనాన్ని ఎందుకంటారండీ అన్నాను. వాళ్లు కళ్లున్నవాళ్లు, చూశారు. నేనే చూసుకోలేదు. ఆయన రిజిస్టరు మూసి టీ తెప్పించాడు.

ఐదో మోతాదు, ఆరో మోతాదు మిగిలే ఉన్నాయి. మందు మధ్యలో ఆపితే రోగం తిరగబెట్టవచ్చు. ఐదోది, వాళ్ల తల్లిగారి ఊరు వైపు తిరిగే మా ఆఫీసు కార్యకర్త చేత అప్పుడే పంపాను. సంతలో ఎవరూ చూడకుండా మింగించి వచ్చాడు. ఆరోది నేనే తీసుకెళ్లాను. వద్దని మనసు చెప్పినా వినలేదు. ఆమెను చూడాలి, క్షమించమని అడగాలి. చూశారా, అప్పుడు కూడా నా గోలే నాకు.

భద్రాచలం దగ్గర వంతెన దాటి, బస్సు దిగి, రెండు మైళ్లు నడిచాను. బీడీలకు తునికాకు కోసే రోజులు. ఈసారి బుద్ధి తెచ్చుకున్నాను. ఆ ఊళ్లో పిల్లల్ని చూస్తానని మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ప్రతి ఇంట్లోనూ మంచినీళ్లు అడిగి తాగాను. మట్టి వాసన నీళ్లు, బోరింగు నీళ్లు, ఎవరేమిస్తే అవి. కామెర్లు వస్తే రానీ అనుకున్నాను. ఆరిళ్లయ్యేసరికి కడుపు బరువెక్కింది. నేను ఎక్కడ తాగితే అక్కడ రోగం అని ఈ ఊళ్లో ఇంక ఎవరూ అనలేరు. ఏడోది ఆమె అన్న ఇల్లు. అన్నా వదినలు ఆకుకు పోయారు. ఆమె ఒక్కతే వసారాలో కూర్చుని ఆకును యాభై యాభైగా కట్టలు కడుతోంది.

నన్ను చూసి లేవలేదు. వీధి వైపు చూసింది, అటూ ఇటూ.

"లోపటికి రా అక్కా, జల్దీ."

బిళ్లలు ఇచ్చాను. మింగడానికి వాళ్ల కుండ వైపు చూడలేదు. నా సీసా అడిగి తీసుకుంది, మూత తీసి, పెదవులు తగలకుండా పైకెత్తి పోసుకుని మింగింది. కొడుకును ఈ సీసా మూత ముట్టుకోవద్దని గదిమింది ఈ పిల్లే. భుజం చూపించమన్నాను. కళ్లు మూసుకుంది. పత్తి పోగు మచ్చ నడిమధ్య పెట్టాను. వెంటనే వేలు అక్కడే పెట్టింది.

"పోయింది చెల్లె. రోగం పోయింది."

"అవునా" అంది, ఎవరి సంగతో విన్నట్టు. రవిక చేయి దించుకుంటూ, "పాలు గూడ ఎండిపోయినయక్కా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. నీకు రోగం లేదని డాక్టరుగారి చేత కాగితం రాయిస్తాను, మీ అత్తకు చూపిద్దాం, పిల్లవాడిని అడుగుదాం అన్నాను.

"కాగితంల రోగం పేరుంటదా?"

"ఉంటది. పోయిందని ఉంటది."

"పేరుంటదిగా. వద్దక్కా."

ఆమె మళ్లీ ఆకులు లెక్కపెట్టడంలో పడింది. ఒక కట్ట పూర్తి చేసి నార ముడి వేసింది. నన్ను క్షమించమన్నాను. తల ఎత్తలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. లేచాను. ఆరిళ్లలో తాగి వచ్చాను, ఇక్కడా తాగితేనే ఆ వరస పూర్తవుతుందని, "కొంచెం మంచినీళ్లియ్యి చెల్లె" అన్నాను.

అప్పుడు లేచి నిలబడింది. గుమ్మానికి అడ్డంగా వచ్చినట్టు, కుండకూ నాకూ మధ్య నిలబడింది.

"ఇయ్యనక్కా. ఇది మా అన్న ఇల్లు. ఈడ ఇంకా ఎవలకూ ఎరుక లేదు."

అన్ని ఇళ్లలోనూ తాగాను, ఇక్కడ తాగకపోతేనే ప్రమాదం అని చెప్పబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను. నేను చెప్పేది నమ్మాల్సిన అవసరం ఆమెకేముంది? ఒకసారి నమ్మింది, చాలు.

బయటికి వచ్చాను. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని నా వైపే చూస్తున్నారు. పొద్దుటి నుంచీ నేను ఇంటింటా తాగడం వాళ్లు చూస్తూనే ఉన్నారు. ఆ వాకిట్లో, వాళ్లకు బాగా కనపడేలా ఆగి, పొడిగా ఉన్న మూతిని కొంగుతో తుడుచుకున్నాను.